‘సివిల్ యూనియన్’ను తెలుగులో ఏమనాలి?

అమలాపురం నుంచి:
స్వలింగ జంటల హక్కుల మీద వ్యాసం రాస్తూ ఈ మాట దగ్గర ఆగిపోయాను. పెళ్లి అనకుండానే ఇద్దరి బంధాన్ని చట్టం గుర్తించే ఏర్పాటు ఇది. ‘పౌర కలయిక’ అని రాసి కొట్టేశాను. పౌర అనగానే మా వీధిలో అందరికీ గుర్తొచ్చేది పౌర సరఫరాల బియ్యం. ఇక ‘కలయిక’ను తరగతిలో పైకి చదవలేను. అంతర్వేది పక్కనే ఉంది కదా, ‘సంగమం’ అందామా?

పాలకొల్లు నుంచి:
వద్దు మాస్టారూ. అక్కడ గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసి పేరు పోగొట్టుకుంటుంది. ఇక్కడ ఇద్దరి పేర్లూ కాగితం మీద నిలవాలి. ‘సహజీవనం’ కూడా కుదరదు. అది కాగితం లేకుండా కలిసి బతకడానికి స్థిరపడిన మాట, వీళ్లు అడిగేదే ఆ కాగితం.

2023 అక్టోబరు 17 నాటి తీర్పు చూడండి. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఐదుగురూ అన్నారు. సివిల్ యూనియన్ దగ్గర మాత్రం 3–2గా చీలారు, కాదన్న ముగ్గురి మాటే నెగ్గింది. పెళ్లినీ దీన్నీ కోర్టే వేరుగా చూసింది కనుక మన మాటలో ‘పెళ్లి’ దూరకూడదు. (ఆ కేసు పేరు ‘సుప్రియో వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా’. యూనియన్ కోసం యూనియన్ మీదే దావా!)

భీమవరం నుంచి:
1989లో డెన్మార్క్ తెచ్చిన చట్టం పేరుకు ‘నమోదైన భాగస్వామ్యం’ అని అర్థం. మా ఊళ్లో భాగస్వామ్యం అంటే రొయ్యల చెరువు లెక్కలే. ‘ఆలుమగలు’లో ఆడా మగా ఇరుక్కుని ఉన్నారు. ‘జంట’కు ఆ పేచీ లేదు, జంట కవులనీ జంట నగరాలనీ అంటూనే ఉన్నాం. ‘జంట నమోదు’ అంటే?

పాలకొల్లు నుంచి:
బాగుంది. నేను దస్తావేజులు రాసేవాణ్ణి. ఒకే ఇంట్లో ఏళ్లుగా ఉంటున్న ఇద్దరు ఆడవాళ్లు పది సెంట్ల కొబ్బరితోట కొన్నారు. ఇద్దరి పేర్ల పక్కనా ‘ఫలానా వారి కుమార్తె’ అని రాశాను. ఒకరికొకరు ఏమవుతారో రాయడానికి మాట లేదు. ‘ఉమ్మడిగా’ అని పెట్టాను. పెద్దావిడ ఆ మాట మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది.

భీమవరం నుంచి:
2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ ఇలాంటి జంటలు బ్యాంకు ఖాతా తెరవవచ్చని చెప్పినప్పుడూ అది ‘ఉమ్మడి’ ఖాతాయే. అయినా ఉమ్మడి అంటే ఆస్తి వాసనే వస్తుందండీ.

అమలాపురం నుంచి:
‘జంట నమోదు’ అనే రాస్తున్నాను. మరి ఆ జంటలో ఒక్కొక్కరిని ఏమనాలి? ‘జతకత్తె’, ‘జతకాడు’ నిఘంటువులో దుమ్ము పట్టి ఉన్నాయి. దులపమంటారా?