పెళ్ళి లెహంగా బెల్టుకి పులి బకిల్ కుట్టమంటోంది, కుట్టేదా వద్దా?

కొర్లగుంట మగ్గం:
అందరికీ నమస్తే. తిరుపతి కొర్లగుంటలో మా మేడ మీదే మగ్గం వర్కు చేయిస్తా ఉన్నాను. వచ్చే నెల తిరుచానూరులో పెళ్ళి పెట్టుకున్న చిత్తూరు అమ్మాయి ఒకామె కలకత్తా డిజైనర్ సబ్యసాచి కంపెనీ లెహంగా ఫోటో పట్టుకొచ్చింది. ఫోటో చూసి కుట్టడం మాకేం కొత్త కాదు. వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది ఫోన్ తెరిచి "అక్కా, ఇట్లాగే" అనేవాళ్ళే. ఎర్ర పట్టు, మెడ చుట్టూ జర్దోసీ, అంచుకి సన్న పూలు, అన్నిటికీ సరే అని అడ్వాన్సు తీసుకున్నా. పోతా పోతా నడుము బెల్టు చూపించింది. దాని బకిల్ మీద పులి ఉంటుంది చూడండి, ఆ కంపెనీ గుర్తు, అది కావాలంట. అట్లాంటి బకిళ్ళు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి, నేనే తెప్పిస్తా, మీరు కుట్టిస్తే చాలు అంటుంది. వేరేదేదన్నా పెడదాం లేమ్మా అంటే, "పులి లేకపోతే అది సబ్యసాచి అని ఎవరికి తెలుస్తుందక్కా?" అనేసింది.

నాకు అక్కడే గుచ్చుకుంది. పూలు చూసి దించేటప్పుడు రాని జంకు పులి దగ్గర ఎందుకొస్తోంది? మా ఆయన "కట్టుకునేది ఆ పిల్ల, మధ్యలో నీకేం నొప్పి" అంటాడు. అసలుది లక్షల్లో ఉంటుంది, ఈ పిల్ల ఎట్లాగూ కొనలేదు, కాబట్టి ఆ కంపెనీకి పోయేదీ ఏం లేదు. ఆ లెక్క కూడా సరిగ్గానే ఉంది. మీరేమంటారు?

గాంధీరోడ్డు రెడీమేడ్:
ఏముండాదక్కా దాంట్లో, కుట్టిచ్చెయ్. మా అంగట్లో టీషర్టు మీద చూస్తే ఏదో ఒక పెద్ద కంపెనీ పేరు ఉంటాది. రెండొందలు పెట్టి కొనేవానికి అది ఒరిజినల్ కాదని తెలీదా? మోసపోయినోడే లేకపోతే మోసం యాడ్నించి వచ్చె? ఇంకోటి. 2025 జూన్‌లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా వాళ్ళు మిలాన్ షోలో అచ్చం కొల్హాపురీ చెప్పులే తొడిగించి మనుషుల్ని నడిపించినారు, కొల్హాపూర్ అనే మాటే ఎత్తకుండా. మనోళ్ళు గోల చేసినాక గానీ ఒప్పుకోలేదు. వాళ్ళు తీసుకుంటే ఫ్యాషను, మనం తీసుకుంటే నేరమా?

చిత్తూరు ప్లీడరు గుమాస్తా:
మోసపోయినవాళ్ళు లేకపోవడమేంటి స్వామీ, పెళ్ళికొచ్చే జనం ఉన్నారు కదా. పులి వాళ్ళ కోసమే. ఇక చట్టం సంగతి. డిజైను రిజిస్టరు చేయించకుండా ఫ్యాక్టరీ పద్ధతిలో 50కి మించి తయారు చేస్తే దాని మీద కాపీరైటు పోతుంది. 2016లో బిబా అనే బట్టల కంపెనీ కేసులో ఢిల్లీ హైకోర్టు ఈ లెక్కనే తీర్పిచ్చింది. చేత్తో కుట్టే పెళ్ళి లెహంగాలు 50 దాటాయో లేదో మనకెలా తెలుస్తుంది, అందుకని పూలు కూడా ఊరికే వచ్చాయని అనుకోవద్దు.

గుర్తు దగ్గర ఈ వెసులుబాటు ఏదీ లేదు. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం, సెక్షన్ 103. ఇంకొకరి గుర్తుని తప్పుగా సరుకుకి తగిలిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఇటలీలో కొన్నవాళ్ళకీ జరిమానా వేస్తారు. మన దగ్గర పెళ్ళికూతురు హాయిగా ఫోటోలు దిగుతుంది, ఇరుక్కుంటే తగిలించిన మీరే ఇరుక్కుంటారు.

కాళాస్తి కలం:
మాది శ్రీకాళహస్తి, కలంకారీ వేసే ఇల్లు. గాంధీరోడ్డు అన్నా, మీ టీషర్టు సంగతి నాకు తెలీదు గానీ మా సంగతి వినండి. గుడ్డని కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఎండేస్తాం. పాత ఇనుము, బెల్లం రోజుల తరబడి నానేస్తే వచ్చే నల్లనీళ్ళతో, పుల్లకి గుడ్డ చుట్టిన కలంతో గీతలు గీస్తాం. ఆ తర్వాత పటిక పూయడం, ఉడకేయడం, ఉతకడం, ఒక్కో రంగుకీ మళ్ళీ తతంగమే. పెద్ద బొమ్మల చీరైతే నెల దాటినా చేతిలోంచి దిగదు. ఈ పనికే గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ పేరు ఈ ఊరి పనికే చెందుతుందనే జీఐ గుర్తింపూ ఉంది. ఉండి ఏం లాభం? స్క్రీన్ ప్రింటు దుపట్టాలు అదే కలంకారీ పేరుతో నాలుగొందలకి అమ్ముడుపోతున్నాయి. అవి కొన్నవాళ్ళు మా ఇంటికొచ్చి, మీరేంది వేలల్లో చెప్తారు అని మమ్మల్నే దొంగల్ని చూసినట్టు చూస్తారు.

తెలిసి కొన్నవాళ్ళ కంటే పాపం తెలీక కొన్నవాళ్ళ వల్లే మాకు దెబ్బ జాస్తి. (మీకూ పనికొస్తుంది: గుడ్డలో రెండు నెమళ్ళు గీతకి గీత ఒక్కలాగే ఉంటే అది కలంతో గీసింది కాదు.) సబ్యసాచికి మీ బెల్టు వల్ల పూట గడవకుండా పోదు, ఒప్పుకుంటా. కానీ పేరు ఎత్తుకుపోవడం చిన్న విషయమని మనమే తేల్చేస్తే, మా పేరు పోతోందని రేపు ఎవరికి చెప్పుకునేది? ప్రాడా చేసిన పనికి కలకత్తా పులిని పట్టుకుంటే ఎట్లా?

కొర్లగుంట మగ్గం:
సెక్షన్ నంబరు చూశాక మా ఆయన నోరు మెదపలేదు. ఇందాకే ఆ అమ్మాయికి ఫోన్ చేశా. పూలు నా పద్ధతిలో మార్చి వేస్తా, బెల్టు మీద జర్దోసీలో గండభేరుండం వేయిస్తా, దానికి కూలి కూడా వద్దు అన్నా. "గండభేరుండం ఎవరికి కావాలక్కా" అంది. ఆఖరికి బెల్టు మామూలుగా ఇచ్చెయ్యండి, పులిని బయట పెట్టించుకుంటా అంటే సరే అన్నా.

కాళాస్తి కలం:
ఎందుకో తెలిసే ఇస్తున్నారు కదక్కా. చెయ్యి మారింది, అంతేగా?

కొర్లగుంట మగ్గం:
అంతే. మా పనివాళ్ళ ఈ నెల కూలి ఆ అడ్వాన్సులోనే ఉంది, వెనక్కిచ్చే ధైర్యం నాకు లేదు. సాదా బకిల్ పెట్టే పంపిస్తా, పీకి ఇంకోటి పెట్టుకుంటే ఆ పిల్ల ఇష్టం. దీన్ని మీరు తప్పంటే కాదని వాదించను. గాంధీరోడ్డు అన్నా, మీ దగ్గర ఏ బొమ్మా లేని ఇత్తడి బకిళ్ళు ఉన్నాయా, డజను ఎంత?