మాకింగ్‌బర్డ్‌ని ‘వెక్కిరింత పిట్ట’ అనొచ్చా?

ప్రశ్న: ఒక అమెరికా కథ తెలుగు చేస్తున్నాను. మాకింగ్‌బర్డ్‌కి ‘వెక్కిరింత పిట్ట’ అని పెడితే ఎడిటర్‌గారు ‘అనుకరణ పక్షి’ అని మార్చమన్నారు. ఏది నయం?

– ఎడిటర్‌గారి అభ్యంతరం సబబే గానీ, ఆయనిచ్చిన మాట మరీ పాఠ్యపుస్తకంలా ఉందండీ. వెక్కిరించడమంటే మనకి ముందు మూతి తిప్పడం, వేళాకోళం గుర్తొస్తాయి. ఈ పిట్ట ఎవర్నీ ఆటపట్టించదు. విన్న కూతల్ని తన పాటలో కలిపేసుకుంటుంది, అంతే. మగపిట్ట జీవితకాలంలో 200 దాకా పాటలు నేర్చుకోగలదంటారు. ఒక్కో ముక్కనీ వరసగా మూడు నాలుగుసార్లు పాడి ఇంకోదానికి పోతుంది. కారు అలారాన్ని కూడా దించేస్తుంది! టెక్సస్‌లో ఉన్న మనవాళ్లకి ఇది బాగానే తెలిసుండాలి, 1927 నుంచీ అక్కడి రాష్ట్ర పక్షి. బూడిద రంగు, పొడుగు తోక, ఎగిరితే రెక్కల్లో తెల్లమచ్చలు తళుక్కుమంటాయి. జత దొరకని మగది వెన్నెల రాత్రుళ్లు కూడా పాడుతూనే ఉంటుంది. ఇంకేం నిద్ర!

నాకు మాత్రం మెక్సికోవాళ్ల ‘సెన్‌సోంట్లే’ నచ్చింది. ఆజ్టెక్కుల నహువాట్ల్ భాష నుంచి వచ్చింది, ‘నాలుగు వందల మాటలు గలది’ అని. వాళ్ల లెక్క ఇరవైల్లో నడుస్తుంది. ఇరవై ఇరవైలు 400 కాబట్టి ‘లెక్కలేనన్ని’ అనడానికీ ఆ అంకే వాడేవారు. అలాంటిచోట మనం వెయ్యి అంటాం. అందుకే నా ఓటు ‘వేనోళ్ల పిట్ట’కి.

– బాగుంది గానీ అన్నా, వేనోళ్ల అనగానే పొగడ్త గుర్తొస్తది. ‘మిమిక్రీ పిట్ట’ అంటే సరిపోదా? శాస్త్రీయ నామం మైమస్ పాలీగ్లాటస్‌లోని మైమస్‌కీ, మిమిక్రీకీ మూలం ఒకటే. నేరెళ్ల వేణుమాధవ్ గారి వరంగల్ మాది, మాకు మిమిక్రీ పరాయి మాట కాదు.

– భృంగరాజం అని మాత్రం పెట్టకండి. అది మన అడవుల్లో ఉండే ఏట్రింత (ఇంగ్లిష్‌లో డ్రాంగో) జాతి పక్షి. వేరే పిట్టల కూతలు అదీ పలుకుతుంది, నిజమే. కానీ మాకింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాలవి, రెండూ వేర్వేరు కుటుంబాలు.

– ఇంతకీ కథలో ఆ పేరు ఎవరి నోట వస్తుంది? నిద్ర చెడినవాడు తిడుతుంటే ‘వెక్కిరింత పిట్ట’ ఉంచెయ్యండి. కథకుడి మాటైతే ‘మిమిక్రీ పిట్ట’ చెయ్యండి, ఎడిటర్‌గారు ఒప్పుకుంటారు.