ఇంట్లో వండిన చికెన్ అన్నమే కుక్కకు సరిపోతదా? కొలతలు కావాలి

హన్మకొండ_రాణి:
మా రాణి నాటు కుక్క, మూడేండ్లు, 20 కిలోలు, పిల్లలు కాకుండా ఆపరేషన్ అయింది. పొద్దున పెరుగన్నం, రాత్రి ఉడకబెట్టిన చికెన్ కలిపిన అన్నం పెడుతున్నం. ఉప్పు కారం ఏం వేయం. మంచిగనే తింటది గాని బొచ్చు నిగనిగ తగ్గింది, అప్పుడప్పుడు విరేచనం పల్చగ అయితున్నది. రోజుకు ఏది ఎన్ని గ్రాములు పెట్టాలె? ఇంకొకటి, జొన్నపిండి బిస్కెట్లు చేస్తే ముక్కలు ముక్కలయితున్నయి, ఎందుకు?

కాజీపేట_కిచెన్:
అక్కా, పెరుగన్నం పూట భోజనం కింద లెక్కకు రాదు, అందులో మాంసకృత్తులు చాలా తక్కువ. 20 కిలోల, ఆపరేషన్ అయిన కుక్కకు రోజుకు సుమారు 1000 కేలరీలు కావాలి. దానికి లెక్క ఇది, అన్నీ పచ్చివిగా తూచినవి: తోలు తీసిన బోన్‌లెస్ చికెన్ 350 గ్రాములు, బియ్యం 90, కోడి కార్జం 25, గుమ్మడికాయ, క్యారెట్, బీన్స్ కలిపి 100, ఒక గుడ్డు, రెండు చిన్న చెంచాల నూనె. రెండు పూటలకు పంచండి.

బియ్యాన్ని నాలుగింతల నీళ్ళలో మెత్తగా, చిదిమితే మెదిగేలా ఉడికించాలి. పలుకున్న అన్నం, పెద్ద కూరగాయ ముక్కలు అరగకుండా అట్లనే బయటికి వస్తయి. కూరగాయలు సన్నగా తరిగి చికెన్‌తోనే కుక్కర్‌లో రెండు విజిల్స్ పెట్టండి. ఆ నీళ్ళు పారబోయకుండా అన్నంలోనే కలపండి. నూనె మాత్రం చల్లారినంకనే.

పల్చటి విరేచనానికి తోలుతో వండిన చికెన్ కొవ్వు, పెరుగు ఎక్కువ కావడం, ఒక్కసారే తిండి మార్చడం మామూలు కారణాలు. కార్జం మంచిదని రోజూ వంద గ్రాములు పెట్టినా అంతే. పైగా విటమిన్ ఎ ఒంట్లో పేరుకుపోతది. కొత్త తిండిని పది రోజుల మీద, మొదట పావు వంతు, తర్వాత సగం, అట్లా పెంచండి. మోషన్‌లో రక్తం పడినా, రెండు రోజులు తగ్గకపోయినా కొలతలు మార్చుకుంటూ కూర్చోవద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకపోండి.

మామునూరు_రోడ్:
పై లెక్క బాగుంది గాని దాంట్లో కాల్షియం లేదు. ఇంటి తిండిలో అందరూ తప్పేది ఇక్కడే. మాంసంలో, అన్నంలో ఫాస్ఫరస్ ఉంటది, కాల్షియం దాదాపు ఉండదు. తక్కువైన కాల్షియాన్ని ఒళ్ళు తన ఎముకల నుంచే తీసుకుంటది. కుక్క హుషారుగా తిరుగుతనే ఉంటది కాబట్టి చాలా నెలల దాకా పైకి ఏం తెల్వదు.

ఈ కొలతకు రోజుకు 3 గ్రాముల గుడ్డు పెంకు పొడి వేయాలి, అంటే చిన్న చెంచాలో సగానికి కొంచెం పైన. 3 గ్రాముల్లో సుమారు 1100 మిల్లీగ్రాముల కాల్షియం వస్తది. పెంకులు కడిగి పది నిమిషాలు మరగబెట్టి, ఆరినంక పెనం మీద సన్నటి మంటకు వేడిచేసి, మిక్సీలో పౌడర్ డబ్బాలో పొడి అంత మెత్తగా పట్టి జల్లించండి. వేళ్ళ మధ్య రాస్తే గరగర అనొద్దు. గరుకు పొడి పేగులను ఒరుస్తది, సగం అరగనే అరగదు. దీని మీద మళ్ళా కాల్షియం టానిక్ పోయొద్దు. చాలా టానిక్కుల్లో ఫాస్ఫరస్ కూడా ఉంటది, ఉన్న తేడా పూడదు.

పెంకు పొడి వేసినా అయోడిన్, జింక్, విటమిన్ డి, ఇ తక్కువే పడ్తయి. బొచ్చు నిగనిగ తగ్గడానికి జింక్, మంచి కొవ్వులు చాలకపోవడం కూడా కారణం కావచ్చు, పురుగులు, చర్మ రోగం ఉన్నా అట్లనే అయితది. ఇంటి వంటకని తయారైన పూర్తి విటమిన్-మినరల్ పౌడర్ ఒకటి కావాలి. ఈ కొలతలు కాగితం మీద రాసుకుని మామునూరు వెటర్నరీ కాలేజీలో గాని, మీ డాక్టర్ దగ్గర గాని చూపించి డోసు రాయించుకోండి. ఒక్క మాట: ఈ లెక్క పెద్ద కుక్కకే. ఎదిగే పిల్లకు, ముఖ్యంగా ల్యాబ్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకు, కాల్షియం ఎక్కువైనా ఎముకలు వంకరపోతయి.

హన్మకొండ_రాణి:
పెంకు పొడి బదులు కూరలో ఉడికిన బొక్కలు వేస్తే కాదా? బిస్కెట్ల సంగతి కూడా చెప్పండి.

మామునూరు_రోడ్:
ఉడికిన బొక్క వేయొద్దు. ఉడికితే పెళుసుబారి సూదుల్లా చీలుతది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటది. ఇంటి కూర నుంచి తీసిన ముక్కలైతే ఇంకా కష్టం: ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తకణాలను పగలగొడ్తయి. ఉడికినా, కడిగినా ఆ గుణం పోదు.

జొన్నరొట్టె_బేకర్:
జొన్నలో గోధుమలో లాంటి జిగురు లేదు, అందుకే పగులుతది. రొట్టెకు కలిపినట్టే కలపాలి: పిండిలో ఉడుకు నీళ్ళు కొద్దికొద్దిగా పోసి గరిటెతో కలిపి, చెయ్యి ఓర్చుకునేంత చల్లారినంక పిసకాలి. 150 గ్రాముల జొన్నపిండికి ఉడికించి మెదిపిన మోరంగడ్డ (చిలగడదుంప) 100 గ్రాములు, ఒక గుడ్డు. మోరంగడ్డలో తేమ ఒక్కోసారి ఒక్కో తీరు, అందుకని నీళ్ళు చివర్లో చెంచాతోనే పోయండి. గుడ్డు వేడి పిండిలో వేస్తే అక్కడే గడ్డకడ్తది, పట్టు రాదు.

అర సెంటీమీటరు మందం ఒత్తి 60 ముక్కలు కోయండి. ఓవెన్‌లో 160 డిగ్రీల్లో 35 నిమిషాలు, ఆపినంక ఇంకో గంట లోపలే ఉంచండి. ఓవెన్ లేకపోతే అడుగు మందం గిన్నెలో ఇసుక పోసి, స్టాండ్ పెట్టి, మూత వేసి సన్నటి సెగ మీద. ఒకటి విరిచి చూడండి, మధ్యలో మెత్తగా తగిలితే మూడు రోజుల్లో బూజు పడ్తది. ఒక్కొక్కటి 11 కేలరీల దాకా వస్తది. రోజు కేలరీల్లో పదో వంతు దాటొద్దు కాబట్టి రాణికి తొమ్మిది చాలు, ఆ మేరకు అన్నం తగ్గించండి.

బెల్లం, కిస్మిస్, చాక్లెట్ వద్దు. కిస్మిస్ కిడ్నీలను దెబ్బతీస్తది. పీనట్ బటర్ రాస్తే లేబుల్ మీద జైలిటాల్ (చక్కెర బదులు వేసే తీపి) లేదా దాని నంబరు 967 అని ఉందేమో చూడండి, అది కొంచెం పడినా షుగర్ ఒక్కసారి పడిపోతది.

కాజీపేట_కిచెన్:
ఎండకాలం మన దగ్గర 45 డిగ్రీలు దాటినప్పుడు గిన్నెలో మిగిలింది అరగంటలో తీసేయండి. వండింది వెడల్పు పళ్ళెంలో పోసి తొందరగా చల్లార్చి, పూటకొక డబ్బా చొప్పున ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఉంటది. అంతకన్నా ఎక్కువైతే డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, ముందు రాత్రి కింది అరలోకి దించుకోండి. పెంకు పొడి, విటమిన్ పౌడర్ మాత్రం ఏ పూటకాపూట పెట్టే ముందే కలపండి.