మానోజ్‌ను నీళ్ళలో కలపాలా, గావేజ్ చేయాలా? నరం కోసిన ఎలుకల్లో నొప్పి పరీక్ష

పెదవాల్తేరు:
నరం దెబ్బతిన్న నొప్పి మీద డి-మానోజ్ అనే చక్కెర పనిచేస్తుందా అని చూడాలంటే తాగే నీళ్ళలో 20 శాతం కలపడమే మేలంటాను. రోజూ మెడ పట్టుకుని గావేజ్ సూది గొంతులో దింపి కడుపులోకి పోస్తే ఆ బెదురుకే నొప్పి తగ్గినట్టు కనిపిస్తుంది. పోలిక కోసం పెట్టే కంట్రోల్ గ్రూపుకి మామూలు నీళ్ళు చాలు.

మధురవాడ:
గావేజ్ సంగతి ఒప్పుకుంటా. మామూలు నీళ్ళు చాలంటే మాత్రం ఒప్పుకోను. తీపికే నొప్పి తగ్గుతుంది. పసిబిడ్డకి సూది వేసేముందు నాలుక మీద చక్కెర నీళ్ళు వేసేది అందుకే కదండీ. 20 శాతం గ్లూకోజ్ గ్రూపు కూడా పెట్టండి. రెండింటి అణుభారమూ 180, లీటరుకు 200 గ్రాములు వేస్తే గాఢత సమానం.

పెదవాల్తేరు:
రుచి సమానం కాదుగా. మానోజ్‌లో బీటా రూపం చేదు. గ్లూకోజ్‌ నీళ్ళయితే ఎగబడి తాగి మేత తగ్గించేస్తాయి.

మధురవాడ:
అందుకే సీసా రోజూ అదే వేళకి తూయాలి. ఖాళీ బోనుకీ ఒక సీసా తగిలిస్తే ఎంత కారిపోతోందో తెలుస్తుంది. 25 గ్రాముల ఎలుక 4 మి.లీ. తాగితే 0.8 గ్రాములు, అంటే కిలోకి 32. దీన్ని మనిషి మోతాదుకి మార్చాలంటే, అందుకు వాడే అంకె 12.3తో భాగించండి: 60 కిలోల మనిషికి రోజుకి 156 గ్రాములు! ఎలుకల్లో ఫలితం వచ్చినా, మెడికల్ షాపులో మానోజ్ ప్యాకెట్ కొనుక్కోమని ఎవరికీ చెప్పకండి.

సీతమ్మధార:
సీసాల గొడవలో అరికాలు మర్చిపోతున్నారు. మనం నరం దెబ్బతీసే పద్ధతి ఎస్ఎన్ఐ (స్పేర్డ్ నర్వ్ ఇంజరీ), అంటే కాల్లోని టిబియల్, కామన్ పెరోనియల్ నరాల్ని కట్టి కోసి, సూరల్‌ని వదిలేయడం. కాబట్టి వాన్ ఫ్రే తీగని (నొప్పి కొలిచే సన్నటి నైలాన్ తీగ) చిటికెన వేలు వైపు అంచునే గుచ్చాలి. నడిమధ్య గుచ్చితే అక్కడి నరం తెగిపోయి ఉంది, ఎలుక కాలు తీయదు. మీరు మానోజ్ పనిచేసిందని రాసేసుకుంటారు. తీగ విల్లులా వంగేదాకా నొక్కి రెండు మూడు సెకన్లు ఆగాలి. కాలు విదిలించినా నాకినా లెక్క, ఊరికే నడిస్తే కాదు.

ఇంకోటి, మన విశాఖ తేమ. నైలాన్ తీగ తేమ పీల్చి మెత్తబడుతుంది, 0.4 గ్రాముల బలం ఇవ్వాల్సిన తీగ అంత ఇవ్వదు. ఒక గ్రూపుని ఏసీ ఆగిన రోజు, ఇంకోదాన్ని మర్నాడు కొలిస్తే ఆ తేడా మందు ప్రభావంలా కనిపిస్తుంది. పరీక్ష రోజు పొద్దున్నే తీగల్ని బ్యాలెన్స్ మీద వంచి చూడండి, అన్ని గ్రూపుల్నీ ఒకే పూట కలిపి కొలవండి. సీసాలు నింపినవాళ్ళు తీగ పట్టుకోకూడదు.

పెదవాల్తేరు:
సరే, గ్లూకోజ్ గ్రూపు కలుపుతాను, మామూలు నీళ్ళ గ్రూపూ ఉంటుంది. ద్రావణాన్ని ఆటోక్లేవ్ (ఆవిరి వేడితో క్రిమిశుద్ధి) చేయొచ్చా?

సీతమ్మధార:
వద్దండీ, చక్కెర మాడి రంగు తిరుగుతుంది. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, రెండు రోజులకోసారి మూతా గొట్టంతో సహా సీసా మార్చండి.