'కాంప్లెక్స్' ముందు టూ, వెరీ, హైలీ... రిపోర్టులో ఏది రాయాలి?

అనంతపురం_ఎంటెక్: హంద్రీ-నీవా మీద ఇంగ్లీషులో ప్రాజెక్టు రిపోర్టు రాస్తున్నా. మల్యాల దగ్గర కృష్ణ నీళ్లు ఎత్తి, వరుస పంపుహౌసుల మీదుగా జీడిపల్లి దాకా తేవడం ఎంత చిక్కైన పనో చెప్పాల. 'టూ కాంప్లెక్స్', 'మచ్ కాంప్లెక్స్', 'అబ్సొల్యూట్లీ కాంప్లెక్స్' మూడింటికీ ఎర్రగీత పడింది. తప్పెక్కడ?

తుంగభద్ర_తీరం (కర్నూలు): మూడూ మూడు రకాల తప్పులు తమ్ముడూ. మొదట 'టూ' సంగతి, మనోళ్లు ఎక్కువగా జారేది అక్కడే. 'టూ' అంటే హద్దు దాటింది, దానివల్ల ఏదో పని జరగదు అని అర్థం. నువ్వు రాసింది చదివితే ఆ పథకం పనికిరాదన్నట్టు ఉంటుంది. ఏ పని జరగదో కూడా చెబితే అదే మాట నిలబడుతుంది: 'టూ కాంప్లెక్స్ టు ఆపరేట్ మాన్యువల్లీ'. ఉత్త 'చాలా' అనాలంటే 'వెరీ' చాలు, రిపోర్టుకైతే 'హైలీ కాంప్లెక్స్' ఇంకా బాగా అతుకుతుంది. అట్లని 'హైలీ'ని అన్నిటికీ తగిలించొద్దు. 'హైలీ డిఫికల్ట్' ఎబ్బెట్టుగా ఉంటుంది, అక్కడ 'ఎక్స్‌ట్రీమ్లీ' రాయి.

'మచ్' నేరుగా 'కాంప్లెక్స్' ముందు నిలవదు, పోలికలో అయితే సరిపోతుంది: 'మచ్ మోర్ కాంప్లెక్స్'. 'వెరీ మోర్' అనేదే లేదు. కేసీ కెనాల్ లాంటి, పంపుల్లేకుండా వాలుకు పారే గ్రావిటీ కాలువతో పోల్చేటప్పుడు 'కన్సిడరబ్లీ మోర్ కాంప్లెక్స్ దాన్ ఎ గ్రావిటీ కెనాల్' అని రాయి, కచ్చితంగా ఉంటుంది. తేడా కొంచెమే అయితే 'స్లైట్లీ మోర్'.

కడప_వ్యాకరణం: 'అబ్సొల్యూట్లీ' గురించి నేను చెప్తా. ఇంపాజిబుల్, ఎసెన్షియల్ లాంటివి కొస మాటలు, వాటిలో ఎక్కువ తక్కువలు ఉండవు. 'అబ్సొల్యూట్లీ' వాటి ముందరే నిలుస్తుంది. కాంప్లెక్స్‌కు మెట్లున్నాయి: స్లైట్లీ, ఫెయిర్లీ, వెరీ, ఎక్స్‌ట్రీమ్లీ.

'క్వైట్' జోలికి పోవద్దు. బ్రిటిష్ వాళ్లకు అది చాలాసార్లు 'ఓ మోస్తరు', అమెరికా వాళ్లకు 'బాగా'. 'రిలేటివ్లీ' రాస్తే దేనితో పోలిస్తేనో పక్కనే చెప్పాల. 'ఎనఫ్' విశేషణం తర్వాతే వస్తుంది: 'సింపుల్ ఎనఫ్'. 'ఎ టూ కాంప్లెక్స్ నెట్‌వర్క్' అనకూడదు, 'టూ కాంప్లెక్స్ ఎ నెట్‌వర్క్' అనాల.

అనంతపురం_ఎంటెక్: మరి 'ఇంక్రీజింగ్లీ కాంప్లెక్స్' రాయొచ్చా సార్?

కడప_వ్యాకరణం: రాయొచ్చు, కానీ అది ఎంత చిక్కో చెప్పదు, చిక్కు పెరుగుతోందని చెబుతుంది. 'ఈజ్ బికమింగ్' పక్కన సరిపోతుంది. ముందు ఎట్లుండె, ఇప్పుడు ఎట్లుందో చూపించకపోతే ఆ మాట తీసేయి.

తుంగభద్ర_తీరం (కర్నూలు): ఇంకొకటి. 'హైలీ కాంప్లెక్స్' అన్న వెంటనే, తర్వాతి వాక్యంలో ఎన్ని పంపులు, ఒక్కో దశలో ఎన్ని మీటర్ల ఎత్తు, ఒక పంపుహౌసు ఆగితే దాని వెనక ఏవి ఆపాలో రాయి. ఆ వివరం లేని చోట 'ఎక్స్‌ట్రీమ్లీ' అన్నా పరీక్షకుడు నమ్మడు. అయిపోయినాక ఫైల్లో 'వెరీ' అని వెతికి, తీసేసినా అర్థం చెడని ప్రతిదాన్నీ కొట్టేయి.