దీపావళికి చైనా లాంతరు మొక్క: నేలలో నాటొచ్చా?

పెరటిపిచ్చి: ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. ఫైసాలిస్, అదే చైనా లాంతరు మొక్క వేద్దామనుకుంటున్నా. చలి మొదలయ్యేసరికి కాయల మీది బుడగలు నారింజ రంగుకి తిరుగుతాయి కదా, కొమ్మలు ఎండబెట్టి దీపావళికి గుమ్మానికి కడదామని. నేలలో నాటొచ్చా?

గోదారిగట్టు: వద్దండి, కుండీలో పెట్టండి. వేళ్లు భూమిలో పాకి ఎక్కడపడితే అక్కడ పిలకలేస్తాయి. పక్కింటివాళ్లు వేసింది మా బంతి మడిలో తేలింది. తవ్వాక వేలెడు ముక్క మిగిలినా మళ్లీ మొలిచింది.

కారంపొడి: ఎందుకంత టెన్షన్? మా పెరట్లో ఏళ్లుగా ఉంది. ఆకులు దూసేసి, కాడలు కట్టగట్టి గరాజ్‌లో తలకిందులుగా వేలాడదీస్తా. రంగు అలాగే ఉంటుంది. కాగితం లాంతర్లయితే ఒక్క వానకే సరి.

బుజ్జిపండు: మన కుప్పంటి కాయలా ఉందే! ఆ బుడగని నుదుటి మీద టప్పుమని పేల్చేవాళ్లం.

గోదారిగట్టు: ఆ జాతే. కానీ పిల్లలుంటే జాగ్రత్త. పచ్చికాయ, ఆకు విషం.

కారంపొడి: పండితే తినొచ్చు.

గోదారిగట్టు: పండిందో లేదో మూడేళ్ల పిల్లాడు చూసి తింటాడా?

కారంపొడి: టమాటా ఆకు మాత్రం తింటామా? టమాటా వేయడం మానేశారా? టోక్యో అసకుసాలో సెన్సోజీ గుడి దగ్గర ఏటా జూలై 9, 10 తేదీల్లో ఈ మొక్కలకి సంతే పెడతారు. అక్కడ పిల్లల్లేరా?

గోదారిగట్టు: ఆ సంతలో అమ్మేది కుండీల్లోనే. నేను మొత్తుకునేదీ అదే.

కారంపొడి: నా పెరడు, నా ఇష్టం.

గోదారిగట్టు: మా పక్కాయనా ఇదే మాటన్నాడు! వేళ్లు ఫెన్స్ దగ్గర ఆగుతాయా? మోకాళ్ల మీద కూర్చుని తవ్వింది నేను, లాంతర్ల ఫొటోలు పెట్టి లైకులు కొట్టించుకుంది ఆయన.

కారంపొడి: మీ గొడవ పక్కాయనతో అని ముందే చెప్పొచ్చుగా.

గోదారిగట్టు: ఆయనతోనే. ఫెన్స్ పక్కన ఇలాంటిది నాటే ముందు ఓ మాట అడగనివాళ్లందరితోనూ. మీరు అడిగారా?

మామిడితోరణం: ఎగరేసే లాంతర్లు మాత్రం కొనకండి. 2020 కొత్త సంవత్సరం రాత్రి జర్మనీలో క్రెఫెల్డ్ జూలో వానరాల భవనం వాటివల్లే కాలిపోయింది. 30కి పైగా జంతువులు చనిపోయాయి.

కారంపొడి: ఎగరేసేవాటి సంగతి ఇక్కడ ఎవరడిగారండీ?

గోదారిగట్టు: మాట మార్చకండి. అడిగారా, లేదా?

కారంపొడి: మా పక్కిల్లు ఖాళీ.

పెరటిపిచ్చి: పెద్ద కుండీ కొన్నానండీ. అడుగు చిల్లుల్లోంచి వేళ్లు దిగకుండా కింద పలక పెట్టాలా?

గోదారిగట్టు: పెట్టండి.

కారంపొడి: ఇక పలకలు కూడానా!