కారులో ఇన్సులిన్ ఫ్రిజ్‌కు ఎంత బ్యాటరీ కావాలి?

ప్రశ్న:
సంక్రాంతి సెలవుల్లో అరకులో రెండు రోజులు కారు పక్కనే గుడారం వేసుకుని ఉండాలనుకుంటున్నాము. అమ్మ ఇన్సులిన్ కోసం 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ కొన్నాను. మొన్న ఇంటి ముందు పరీక్షగా రాత్రంతా నడిపితే, తెల్లవారేసరికి ఫ్రిజ్ ఆగిపోయింది, కారు కూడా స్టార్ట్ కాలేదు. విడి బ్యాటరీ ఎంతది తీసుకోవాలో దయచేసి చెప్పగలరు.

జవాబు:
కారు బ్యాటరీ ఇంజనును తిప్పేందుకు కొద్ది క్షణాలు పెద్ద కరెంటు ఇవ్వడానికే తయారైనది. దాన్ని తరచూ ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. మీ ఫ్రిజ్ 45 వాట్లు తీసుకుంటూ సగం సేపు నడుస్తుందనుకుంటే, రోజుకు 540 వాట్ అవర్లు, అంటే 12.8 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు 42 ఆంపియర్ అవర్లు (బ్యాటరీ సామర్థ్యాన్ని కొలిచే ప్రమాణం) ఖర్చవుతాయి. రెండు రోజులకు దాదాపు 84 కాబట్టి 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సరిపోతుంది. లెడ్ యాసిడ్ అయితే సగానికి మించి వాడకపోవడం మంచిది కనుక దాదాపు రెట్టింపు కావాలి.

మరొక జవాబు:
తీగను కూడా చూసుకోండి. నా కారులో బ్యాటరీ నిండుగా ఉన్నా కంప్రెసర్ మొదలవుతూనే ఆగిపోయేది, ప్లగ్గు ముట్టుకుంటే చుర్రుమనేది. డిక్కీ వరకు 4 మీటర్లు వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో, 5 ఆంపియర్ల దగ్గరే దాదాపు అర వోల్టు పోతోందని తేలింది. 4 చదరపు మిల్లీమీటర్లది వేశాక మళ్లీ ఆగలేదు. ఫ్యూజు బ్యాటరీకి ఆనుకునే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు కనుక, సీసాలను లోపలి గోడకు తగలకుండా గుడ్డలో చుట్టి, పక్కన థర్మామీటరు పెట్టి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో చూస్తూ ఉండండి.